మేత ఆపడం తెలియనివాడు

కొత్త సైటులో పాస్‌వర్డ్ కొట్టగానే బ్రౌజర్ పైనుంచి చిన్న పెట్టె ఒకటి దిగి, దీన్ని గుర్తుపెట్టుకోమంటారా అని అడుగుతుంది. మనం పూర్తిగా చదవను కూడా చదవం, సరే నొక్కేస్తాం. చూస్తున్న పేజీ మళ్ళీ అవసరం పడుతుందేమోనని నక్షత్రం గుర్తు నొక్కుతాం. పని సగంలో ఉంటే రేపు చూద్దాంలే అని ట్యాబ్ మూయకుండా వదిలేస్తాం. ఇలా ఏళ్ళ తరబడి మన జ్ఞాపకమంతా తీసుకెళ్ళి దాని చేతిలో పోస్తాం. అది వాటిని ఎక్కడ దాస్తోందని ఒక్కనాడూ అడగం. మీరూ ఇంతే. కాదని ఒట్టేసి చెప్పినా నేను నమ్మను. అందుకే నా సంగతి మీతో చెప్పుకుంటున్నాను. ఇదే బలహీనత ఉన్నవాళ్ళు నన్ను క్షమించకపోతే ఇంకెవరు క్షమిస్తారు?

నాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేట మండలంలో చిన్న ఇంటర్నెట్ షాపు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఇటు రొయ్యల గుంటలు, అటు సముద్రం ఒడ్డున జాలర్ల పాలేలు. 2005లో చట్టం వచ్చి చెన్నైలో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టాక ఉప్పునీటి సాగుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి రావడంతో మా తీరం రూపే మారిపోయింది. గుంటలతో పాటు కాగితాలూ పెరిగాయి. ఆ కాగితాలు మెల్లగా కంప్యూటర్ తెర మీదికి ఎక్కాయి. మా ఊళ్ళో ఆ తెర నా దగ్గర ఉంది.

రైతు వస్తే మీభూమిలో అడంగల్ తీసివ్వాలి. సాగు రిజిస్ట్రేషన్ గడువు చూడాలి. గుంటల మీటర్లకు కరెంటు బిల్లు కట్టాలి. పాలెం నుంచి వచ్చేవాళ్ళ పనులు వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఆధార్, బ్యాంకు ఖాతా, పడవ వివరాలు అన్నీ సరిగ్గా కలిశాయా లేదా చూసి పెట్టాలి. నేను చూసిపెట్టేవాణ్ణి. ఊరంతా నన్ను కంప్యూటర్ సార్ అనేది. ఆ పిలుపంటే నాకు ప్రాణం. బజారులో నలుగురి మధ్య ఎవరైనా అలా పిలిస్తే ఆ పూట అన్నం అక్కర్లేదు.

అసలు తప్పు అక్కడ మొదలైంది. లాగిన్ తయారు చేసి ఇచ్చినప్పుడు కొందరు రైతులు చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "పాస్‌వర్డ్ చెప్పు సార్, రాసుకుంటా" అనేవారు. "నీకెందుకన్నా ఆ తలనొప్పి, నా దగ్గరుంటది గదా" అనేవాణ్ణి. వాళ్ళ మేలు కోరే అన్నానని ఆనాడు నన్ను నేను నమ్మించుకున్నాను. ఈరోజు మీ దగ్గర దాచను. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరుంటే వాళ్ళు నెల్లూరులో ఏ షాపుకైనా పోతారు. నా దగ్గరుంటే నా దగ్గరికే రావాలి. వాళ్ళు రావాలి, వచ్చి కూర్చోవాలి, సార్ అనాలి. ఆ ఆశ కోసం పది ఊళ్ళ తాళాలు నా బ్రౌజర్‌లో పెట్టుకుని కూర్చున్నాను.

అందులో ఏమేం ఉండేవో చెబుతాను. పైన వరసగా బుక్‌మార్కులు: వాతావరణ శాఖ తుఫాను పేజీ, సముద్రంలో చేపలు ఎక్కడ దొరికే వీలుందో చెప్పే హైదరాబాదు ఇంకాయిస్ వారి పేజీ, మీభూమి, బిల్లుల పేజీలు. కింద ఊరికొక ఫోల్డర్: గంగపట్నం, కొరుటూరు, నిడిముసలి, కుడితిపాలెం. ఇంగ్లీషు దరఖాస్తులో ఈ ఊరి పేర్లు కొట్టినప్పుడల్లా కింద ఎర్రగీత పడేది. రైట్ క్లిక్ చేసి ఒక్కో ఊరినీ బ్రౌజర్ నిఘంటువులో చేర్చుకుంటూ పోయాను. కొన్నాళ్ళకు మా మండలంలో ఏ ఊరి పేరు రాసినా అది తప్పనేది కాదు. ఆ ఎర్రగీతలు పోయిన రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను, మా ఊళ్ళన్నిటికీ లోకంలో గుర్తింపు తెచ్చినంత గర్వపడ్డాను. ఇన్నేళ్ళ పనితనం అంతా ఒకే ఒక కంప్యూటర్‌లో ఉంది. ఇంకెక్కడా దాని నకలు లేదు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకుముందు మా ఒడ్డునే ఒరుసుకుంటూ ఉత్తరానికి పోయింది. తుఫాను మాకు కొత్త కాదు. ఏడాది వానలో పెద్ద వాటా మాకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఇన్ని చూసిన తీరం కాబట్టి వాయుగుండం అనే మాట వినగానే రైతు డీజిల్ తెచ్చి పెట్టుకుంటాడు. ఏరేటర్లు ఆగితే రాత్రిపూట గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. అందుకని జనరేటర్ లేని గుంట మా వైపు వెతికినా దొరకదు. నా షాపులో యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఎప్పుడో ఉబ్బిపోయింది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాను.

ఆ వానలో షాపు తెరవక్కర్లేదు. తెరిచాను. అందరూ తుఫాను ఎక్కడిదాకా వచ్చిందో అడగడానికి నా దగ్గరికే వస్తారు, నేను తెర మీద చూపించి చెప్పాలి. వచ్చారు కూడా. కరెంటు పోయేది, వచ్చేది. వచ్చీ రాగానే నేను స్విచ్చి నొక్కేవాణ్ణి. కంప్యూటర్ లేచి, బ్రౌజర్ తెరుచుకుని, వాతావరణ శాఖ పటం సగం వచ్చేలోపు మళ్ళీ చీకటి. కాసేపాగి ఆన్ చేద్దువులే అని ఎవరో అన్నారు కూడా. నలుగురు ఎదురుచూస్తుంటే ఆగడం నాకు చేతకాలేదు.

అలా ఒకసారి లేచినప్పుడు బ్రౌజర్ కొత్త పెళ్ళికూతురిలా తెరుచుకుంది. పైన బుక్‌మార్కులు లేవు, ఊరి ఫోల్డర్లు లేవు, తెరిచి వదిలేసిన ట్యాబులు లేవు. పేరు కొడితే పాస్‌వర్డ్ రాలేదు. స్వాగతం, మొదలుపెడదామా అని అడుగుతోంది.

తప్పు బ్రౌజర్‌ది కాదని ముందే చెబుతాను. అప్పటికి నా సామాను ఏదీ పోలేదు, అంతా డిస్కులో భద్రంగానే ఉంది. బ్రౌజర్ మన వస్తువులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, దాన్ని ప్రొఫైల్ అంటారు. ఆ ఫోల్డర్ ఏదో చెప్పే చిన్న చీటీ లాంటి ఫైలు ఇంకొకటి ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో చెడిపోవచ్చు. ఆ చీటీ చెడితే, పాత ఫోల్డర్ ఎక్కడుందో తెలియక బ్రౌజర్ కొత్తది తయారుచేసుకుని కూర్చుంటుంది. పాతది పక్కనే ఉంటుంది. నా కంప్యూటర్‌లో జరిగింది అదే. ఆ క్షణాన నేను కుర్చీలోంచి లేచి బయటికెళ్ళి వాన చూస్తూ నిలబడి ఉంటే ఈ కథ లేదు.

నిలబడలేదు. బ్రౌజర్ మూశాను, తెరిచాను, మళ్ళీ మూశాను, మళ్ళీ తెరిచాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. వెనక ఎవరో "ఏందైంది సార్" అన్నారు, "ఏం లేదన్నా, అప్‌డేట్ అవుతోంది" అని అబద్ధమాడాను. బ్రౌజర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి చెత్త ఊడ్చే సాఫ్ట్‌వేర్ తెచ్చి దానితో ఊడిపించాను. అదే వీడియో చెప్పినట్టు దాచి ఉన్న యాప్‌డేటా ఫోల్డర్ తెరిచి లోపలికి పోయాను. రెండు ఫోల్డర్లు కనపడ్డాయి. ఒకటి ఆరోజు పుట్టింది, చిన్నది. రెండోది పాతది, లావుగా ఉంది, దాని పేరు చూస్తే అర్థంపర్థం లేని ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్నాయి. ఇంత వికారమైన పేరు వైరస్‌కు తప్ప ఉండదు, దొంగ దొరికాడు, నా బుక్‌మార్కులు తిన్నది ఇదే అనుకున్నాను. డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌కు పోతుంది, అక్కడ్నించి మళ్ళీ లేస్తుందేమోనని షిఫ్ట్ కూడా కలిపి నొక్కాను. నిజంగానే తీసెయ్యాలా అని అడిగింది. నిజంగానే అన్నాను.

అది నా పాత ప్రొఫైల్. పది ఊళ్ళ తాళాలు అందులోనే ఉన్నాయి.

ఒక్కసారి ఆగి నా మనసులో ఏముందో చెప్పనివ్వండి. తెలియకపోవడం తప్పు కాదు. ఆ పేరు అలా ఎందుకుందో నాకు తెలియదు, తెలియనివాళ్ళు కోట్లమంది ఉన్నారు. తెలియదు అని నలుగురి ముందు అనలేకపోవడమే నన్ను ముంచింది. నాకంటే బాగా తెలిసిన మనిషికి ఒక్క ఫోన్ కొట్టడానికి నా పేరు అడ్డొచ్చింది. మీకూ ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది, ఇంట్లోనో ఆఫీసులోనో. దాన్ని కాపాడుకోవడానికి మనిషి ఎంతకైనా తెగిస్తాడు.

తెగింపు అక్కడితో ఆగలేదు. కొత్త బ్రౌజర్ ఇంకా ఖాళీగానే ఉండటం చూసి, పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతికి, దాన్ని అదే డిస్కులోకి డౌన్‌లోడ్ చేశాను. చాల్లేదని ఇంకొకటి. చెరిపేసిన ఫైలు పాత రకం హార్డ్ డిస్కు మీద వెంటనే మాయం కాదు. ఆ చోటు ఖాళీ అని మాత్రమే డిస్కు రాసుకుంటుంది, ఇంకేదైనా వచ్చి దాని మీద పడేదాకా అక్షరాలు అక్కడే ఉంటాయి. నేను తెచ్చిపోసిన ప్రతి డౌన్‌లోడూ వెళ్ళి వాటి మీదే పడుతూ వచ్చింది. ఇప్పుడొచ్చే ఎస్ఎస్‌డీల్లో ఆ కాస్త గడువు కూడా సాధారణంగా దొరకదు, ఖాళీ అయిన చోటును అవే త్వరగా తుడిచేసుకుంటాయి.

మా అన్న కూతురు నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. తుఫాను సెలవులకు ఇంటికొచ్చి, నేను భోజనానికి రాలేదని క్యారియర్ పట్టుకుని షాపుకొచ్చింది. తెర చూసింది, నా మొహం చూసింది.

"బాబాయ్, మౌస్ వదులు" అంది.

"ఒక్క నిమిషం అమ్మా, ఇది అయిపోవచ్చింది..."

"బాబాయ్! వదులు ముందు. ఇంకేం తెరవొద్దు, ఇంకేం ఎక్కించొద్దు."

తనే స్విచ్చి ఆపింది. క్యారియర్ పక్కన పెట్టి, డబ్బా మూత విప్పించి హార్డ్ డిస్కు బయటికి తీయించింది. తన ల్యాప్‌టాప్‌కు దాన్ని అదనపు డిస్కుగా తగిలించి, వెతికే సాఫ్ట్‌వేర్‌ను తన దాంట్లో నడిపి, దొరికినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసింది. నా డిస్కు మీద ఒక్క అక్షరం రాయనివ్వలేదు. చెయ్యాల్సింది అదీ. నేను చేసిందల్లా దానికి తలకిందులు.

ఏం దొరికాయో, ఏం పోయాయో చెబితే ఆ ఫోల్డర్ లోపల ఏముంటుందో మీకూ తెలుస్తుంది.

బుక్‌మార్కులు దొరికాయి. అది నా గొప్ప కాదు. నేను వాడే ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ బుక్‌మార్కులను, తిరిగిన పేజీల చరిత్రను ప్లేసెస్.ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేస్‌లో పెడుతుంది. అది చెడిపోతే దిక్కు ఉండాలని బుక్‌మార్కుల వరకూ తేదీ వేసిన నకళ్ళు విడిగా బుక్‌మార్క్‌బ్యాకప్స్ అనే ఫోల్డర్‌లో దాస్తుంది, మామూలుగా 15 దాకా. నేను అడక్కుండానే అది ఇన్నేళ్ళూ ఆ పని చేస్తూ వచ్చింది. డేటాబేస్ ముక్కలైపోయినా ఈ చిన్న ఫైళ్ళలో కొన్ని చెక్కుచెదరకుండా వచ్చాయి. బుక్‌మార్కులు సర్దుకునే కిటికీలో రీస్టోర్ కింద ఫైలు ఎంచుకుంటే చాలు, ఉన్నవాటి స్థానంలో పాతవి వచ్చి కూర్చుంటాయి. గంగపట్నం, కొరుటూరు, నిడిముసలి మళ్ళీ వరసగా తెర మీదికి వచ్చినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పిపోయిన పిల్లలు తిరునాళ్ళలో దొరికినట్టయింది.

తెరిచి వదిలేసిన ట్యాబులు రాలేదు. వాటి జాబితాను బ్రౌజర్ నడుస్తున్నంతసేపూ కొన్ని సెకన్లకొకసారి రాసుకుంటూనే ఉంటుంది. సెషన్‌స్టోర్-బ్యాకప్స్ అనే ఫోల్డర్‌లో ఇప్పటిదొకటి, కిందటిసారిది ఒకటి ఉంటాయి. ఆ ప్రొఫైల్‌తోనే బ్రౌజర్ మళ్ళీ మళ్ళీ తెరిస్తే కొత్త జాబితా వచ్చి పాతదాన్ని తోసేస్తుంది. అందుకే ట్యాబులు పోయాయని తెలియగానే ఇంకేం తెరవకుండా మెనూలో చరిత్ర కింద, కిందటిసారి తెరిచినవి తిరిగి తెచ్చే మాట ఉందేమో చూడాలి. లేకపోతే బ్రౌజర్ మూసి ఆ ఫోల్డర్‌ను ముందు పక్కకు నకలు తీసుకోవాలి. ఏ మరమ్మతైనా ఆ తర్వాతే. ఊరి పేర్ల నిఘంటువు కూడా పోయింది. అదొక చిన్న అక్షరాల ఫైలు. నెట్‌లో ఎక్కడా దొరకదు, ఎవరి దగ్గరా ఉండదు. ఎర్రగీతలు మళ్ళీ వచ్చాయి.

ఇక పాస్‌వర్డ్‌లు. లాగిన్స్.జేసన్ అనే ఫైలు పూర్తిగా దొరికింది. నా ప్రాణం లేచొచ్చింది. మా అమ్మాయి మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఇది ఒక్కటే చాలదు బాబాయ్. పాస్‌వర్డ్‌లు ఇందులో తాళం వేసి ఉంటాయి. తాళం విప్పే కీ ఇంకో ఫైల్లో ఉంటుంది, కీ4.డీబీ. పేరైతే కనపడుతోంది, లోపల చూడు."

లోపల నేను తెచ్చుకున్న రికవరీ సాఫ్ట్‌వేర్ ముక్కలున్నాయి. తిరిగి తేవడానికి తెచ్చినదే వెళ్ళి సరిగ్గా ఆ కీ మీద కూర్చుంది. ఆ రెండు ఫైళ్ళూ కలిసి ఉంటేనే పని. ఒకటి లేని రెండోది ఏ మొనగాడి చేతిలో పెట్టినా లాభం లేదు. దొంగలు చదవకుండా కట్టిన గోడ అది, నా కోసం పక్కకు జరగదు, జరగకూడదు కూడా.

మీరు వాడేది క్రోమ్ అయితే పేర్లు మారతాయి, సంగతి ఇదే. యూజర్ డేటా అనే ఫోల్డర్ లోపల మీ ప్రొఫైల్ ఉంటుంది. బుక్‌మార్క్స్ అనే ఫైలు పక్కనే దాని వెనకటి నకలు ఒకటి ఉంటుంది. కొత్తగా మార్పులు పడితే ఆ నకలూ మారిపోతుంది, కాబట్టి బ్రౌజర్ మూసి ముందు దాన్ని పక్కకు తియ్యాలి. విండోస్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లోని మీ ఖాతాతో ముడిపడి ఉంటాయి. ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌కు మోసుకెళ్ళినంత మాత్రాన తెరుచుకోవు. తీసేసి మళ్ళీ ఎక్కిస్తే బాగవుతుందని చాలామంది అనుకుంటారు, ఆ తీసేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తుడిచెయ్యమంటారా అని ఒక చిన్న గడి అడుగుతుంది. కంగారులో ఉన్న చెయ్యి ఆ గడిలో టిక్కు పెట్టే తీరుతుంది. సింక్ ఉందిగా అని ధైర్యపడేవాళ్ళకూ ఒక మాట. సింక్ అన్ని పరికరాలనూ ఒకేలా ఉంచుతుంది. ఒకచోట చెరిపిన బుక్‌మార్కు అన్నిచోట్లా చెరుగుతుంది. అది ఉండటం మంచిదే, నకలు మాత్రం వేరే ఉండాలి.

పాస్‌వర్డ్‌లు ఇక రావని తేలాక నేను చెయ్యాల్సిన పని ఒక్కటే మిగిలింది. వాన తగ్గాక మోటార్‌సైకిల్ మీద గుంట గుంటకూ, పాలెం పాలేనికీ పోయాను. ప్రతి గట్టు మీదా అదే మాట: అన్నా, నీ పాస్‌వర్డ్ నా దగ్గర పోయింది, మళ్ళీ పెట్టాలి, ఫోన్‌కు ఓటీపీ వస్తుంది చెప్పు. మొదటి మనిషి దగ్గర గొంతు పెగల్లేదు. తర్వాత్తర్వాత అలవాటైంది. ఓటీపీ కోసం చూస్తుంటే చాలాసార్లు అది నా జేబులోనే మోగింది. తొందరలో, సౌకర్యం కోసం, వాళ్ళ దరఖాస్తుల్లో నా ఫోన్ నంబరే వేసి ఉన్నాను. పని తేలికైంది. నా కడుపులో మాత్రం బరువు దిగింది. ఆ రైతు భూమి వివరాలు, అతని బిల్లులు, అతని పేరు మీది రిజిస్ట్రేషన్, అన్నీ తెరిచే తాళం నా జేబులో మోగుతుంటే అతను గట్టు మీద నిలబడి నా వైపు నమ్మకంగా చూస్తున్నాడు. ఆ ఫోన్ ఎక్కడైనా పడిపోయి ఉంటే? నేనే మంచివాణ్ణి కాకపోయి ఉంటే?

కొందరు నేను వద్దన్నా రాసిపెట్టుకున్నారు. ఒకాయన మేత లెక్కల పుస్తకం తెచ్చాడు. ఏ చెక్‌ట్రేలో ఎంత మిగిలిందో, పొద్దున పీహెచ్ ఎంతో, నెలల తరబడి వరసగా రాసిన పుస్తకం. దాని వెనకట్ట మీద, ఆయన పక్కన నిలబడి చూస్తుండగా నేను కొట్టిన పాస్‌వర్డ్, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉంది. "నువ్వు కొడతావుంటే చూసి రాసుకున్యా అబ్బయ్యా. నీ మీద నమ్మకం లేక గాదు. కరెంటు మీద లేదు నాకు" అన్నాడు.

నేను ఏం చేశానో మొత్తం విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గుంట వైపు చూపించాడు.

"రొయ్య తేడాగా ఉందనుకో, మొదట ఏం జేస్తాం? మేత ఆపుతాం. తినలేని రొయ్యకు మేత ఏస్తే అది అడుగున కుళ్ళి నీళ్ళు ఇంకా చెడతాయి. మేత ఆపి, నీళ్ళు చూసి, ఆమైన మందు. నువ్వేమో మేత మీద మేత ఏసినావు."

డిస్కు గురించి నేను విన్నవాటిలో ఇంతకంటే తెలివైన మాట లేదు. మూసి తెరవడం మేత. తీసి ఎక్కించడం మేత. ఊడ్చే సాఫ్ట్‌వేర్, తెచ్చే సాఫ్ట్‌వేర్ అన్నీ మేతే. చెడినదాని మీద కొత్త రాత పడకుండా ఆపడమే మొదటి వైద్యం. కంప్యూటర్ ముట్టని మనిషికి అది తెలుసు. జీవనం మొత్తం నీళ్ళలో పెట్టి, పొద్దునే లేచి అది బతికుందో లేదో చూసుకునే మనిషికి తొందర ఎంత ఖరీదైనదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందరూ క్షమించారు. ఒకరిద్దరు కోప్పడ్డారు, ఆ కోపం న్యాయం. ఫోన్ నంబరు మారిపోయి, ఓటీపీ రాక, ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చినవాళ్ళతో నేనూ తిరిగాను, ఛార్జీలు నేనే పెట్టుకున్నాను. అది వాళ్ళ పోయిన పనిదినాలకు సరిపోదని నాకు తెలుసు.

ఇప్పుడు నా షాపులో పద్ధతి మారింది. లాగిన్ తయారు చేస్తే పాస్‌వర్డ్ వాళ్ళే ఆలోచించుకుంటారు, వాళ్ళే కొడతారు, నేను మొహం పక్కకు తిప్పుకుంటాను. గుర్తుపెట్టుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దంటాను. నంబరు వాళ్ళదే వేస్తాను. రాసుకోవడానికి పుస్తకం లేనివాళ్ళకు నేనే ఇస్తాను, బయట పారెయ్యొద్దని, ఇంట్లో పెట్టుకోమని చెబుతాను. ఇలా చేస్తే నా దగ్గరికి రావడం మానేస్తారని ఇన్నేళ్ళూ భయపడ్డాను. కొందరు మానేశారు కూడా. పాలెంలో ఒకామె ఇప్పుడు తన ఫోన్‌లో తనే చూసుకుంటోంది, భృతి పడిందని నాకే వచ్చి చెప్పింది. ఆ పని చేసిపెడితే నాకొచ్చే ముప్పై రూపాయల కంటే ఆ మాట నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. జనం పని జనం చేతికి అందించడానికే ఆ కుర్చీలో కూర్చున్నానని నాకు అర్థమయ్యేసరికి ఇంత నష్టం జరిగింది.

ఈ తీరంలో నాలాంటి షాపులు నడిపేవాళ్ళకు, ఇంట్లో ఒక్క కంప్యూటర్‌తో నెట్టుకొచ్చేవాళ్ళకు నేను చెప్పేది చిన్నది. అక్టోబరులో ఈశాన్య గాలి మొదలవక ముందే ఒక పూట కూర్చోండి. బ్యాటరీ ఉబ్బితే మార్చండి. ఫైర్‌ఫాక్స్ అయితే అడ్రస్ గడిలో అబౌట్:సపోర్ట్ అని కొడితే మీ ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. బ్రౌజర్ పూర్తిగా మూసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని, ఒక్క ఫైలు కూడా వదలకుండా, పెన్‌డ్రైవ్‌లోకి తియ్యండి. దాని పేరు ఎంత వికారంగా ఉన్నా అది వైరస్ కాదు, మీరే. క్రోమ్ అయితే బుక్‌మార్కులను, పాస్‌వర్డ్‌లను వాటి మెనూల్లోంచే విడిగా ఎగుమతి చేసుకోండి. ఎగుమతి చేసిన పాస్‌వర్డ్ ఫైలు ఎవరు తెరిచినా చదవొచ్చు, దాన్ని కంప్యూటర్‌లో వదిలెయ్యకుండా తాళం వేసే చోట పెట్టండి. పెన్‌డ్రైవ్ బయటికి తీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కే గుచ్చి వదిలేస్తే పిడుగుకు రెండూ కలిసి పోతాయి.

ఇంత చేసినా ఏదో ఒకరోజు బ్రౌజర్ ఖాళీగా తెరుచుకోవచ్చు. అప్పుడు వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు తెలియదు, తెలిసినవాళ్ళను అడుగుతాను" అని పైకే అనండి. ఆ మాట నేను ఆ వానలో అని ఉంటే పది ఊళ్ళ జనం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని ఉండేది కాదు.